తాగుడు మెదడును ఎలా లొంగదీసుకుంటుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

జబ్బు తగ్గించే దాన్నీ మందు అంటాం, సీసాలో కొనుక్కుని తాగే దాన్నీ మందు అంటాం. ఎవరికైనా తెలియకుండా తిండిలో కలిపి వశం చేసుకోవడాన్ని కూడా "మందు పెట్టడం" అనే అంటాం. మద్యం సంగతిలో ఈ మూడో అర్థమే అన్నిటికన్నా నిజానికి దగ్గరగా ఉంటుంది.

కింద ఉన్న ప్రశ్నల్లో ఎక్కువ భాగం తాగేవారివి కావు. వారి భార్యలవి, తల్లులవి, ఎదిగిన పిల్లలవి. తాగేవారు సాధారణంగా అడిగేది ఒకే ప్రశ్న: నాకు నిజంగా అంత ముదిరిందా? దానికి కూడా జవాబు ఉంది, కాస్త కిందికి రావాలి.

మద్యం మెదడుకు అంత త్వరగా ఎలా చేరుతుంది?

మద్యంలో మత్తు కలిగించేది ఇథనాల్. అది చాలా చిన్న అణువు. నీటిలో కరుగుతుంది, కొవ్వు పొరల్లోంచి కూడా దూరిపోతుంది. మెదడులోని రక్తనాళాల గోడలు చాలా పదార్థాలను లోపలికి రానివ్వవు గానీ, ఇథనాల్‌ను ఆపలేవు. ఖాళీ కడుపుతో తాగితే కొద్ది నిమిషాల్లోనే అక్కడికి చేరుతుంది. అన్నం తిని తాగితే కడుపులోంచి పేగుల్లోకి దిగడం ఆలస్యమవుతుంది కాబట్టి మత్తు మెల్లగా ఎక్కుతుంది. తాగిన మొత్తం మాత్రం అంతే.

లోపలికి వెళ్లాక అది ముఖ్యంగా రెండు రసాయనాల పనిలో వేలు పెడుతుంది. గాబా అనేది నాడీకణాలను శాంతపరిచే సంకేతం, గ్లుటమేట్ ఉత్తేజపరిచే సంకేతం. మద్యం మొదటిదాన్ని బలపరుస్తుంది, రెండోదాన్ని అణచివేస్తుంది. అంటే మొత్తంగా మెదడును మందగింపజేస్తుంది.

మందగింపజేసేదైతే తాగినవారికి అంత హుషారు ఎక్కడి నుంచి వస్తుంది?

ముందుగా జోగేది మెదడు ముందుభాగం. మాట తూచి మాట్లాడించేది, సిగ్గుపడేలా చేసేది, "వద్దులే" అని ఆపేది అదే. బడిలో పంతులు కునుకు తీస్తే పిల్లలు గోల చేయడం లాంటిది ఈ హుషారు. ఇంకాస్త తాగితే చిన్నమెదడు పట్టు తప్పుతుంది, నడక తూలుతుంది, మాట ముద్దగా వస్తుంది. మరీ ఎక్కువైతే ఊపిరిని నడిపించే మెదడు కాండం దాకా మత్తు పాకుతుంది. స్పృహ తప్పినవారిని వెల్లకిలా పడుకోబెట్టి "నిద్రపోతున్నాడులే" అని తలుపు వేసి వెళ్లిపోవద్దు. వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణాలు పోతాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, ఎవరో ఒకరు దగ్గర ఉండాలి. లేపినా లేవకపోతే, ఊపిరి ఆగి ఆగి వస్తుంటే 108కు ఫోను చేయాలి.

రాత్రంతా గొడవ చేసి, పొద్దున "నాకేమీ గుర్తులేదు" అంటారు. నటనా?

చాలాసార్లు కాదు. రక్తంలో మద్యం వేగంగా పెరిగినప్పుడు హిప్పోక్యాంపస్ అనే భాగం కొత్త జ్ఞాపకాలను నమోదు చేయడం ఆపేస్తుంది. మనిషి మెలకువగానే ఉంటాడు, మాట్లాడతాడు, పోట్లాడతాడు, బండి కూడా నడుపుతాడు. కానీ లోపల రికార్డింగు జరగదు. రికార్డే కానిది పొద్దున గుర్తుకు రావడమన్నది ఉండదు. పాత విషయాలు మాత్రం చక్కగా గుర్తుంటాయి. పదేళ్ల కిందటి అప్పు సంగతి తవ్వి తీయగలిగినవాడు పది నిమిషాల కిందట తాను అన్న మాట మరిచిపోయేది అందుకే.

గుర్తులేకపోవడం నిజమే కావచ్చు. తగిలిన దెబ్బ కూడా అంతే నిజం. మొదటిది రెండోదాన్ని రద్దు చేయదు.

"నాకు ఎంత తాగినా ఎక్కదు" అంటారు మా ఆయన. ఒళ్లు గట్టిదనుకోవచ్చా?

అనుకోవద్దు. ఇదే అన్నిటికన్నా ముందు కనిపించే ప్రమాద సూచన. దురదృష్టం ఏమిటంటే మన దగ్గర అది గొప్పగా చెలామణి అవుతుంది.

ఒక తలుపును బయట నుంచి ఎవరో రోజూ నెడుతున్నారనుకోండి. లోపల ఉన్నవారు దాన్ని నిలబెట్టడానికి అంతే బలంతో ఎదురు నెట్టక తప్పదు. రోజూ మద్యం మెదడును మందగింపజేస్తుంటే, మెదడు కూడా అలాగే ఎదురు నెడుతుంది. శాంతపరిచే సంకేతానికి స్పందించడం తగ్గించుకుంటుంది, ఉత్తేజపరిచే సంకేతాన్ని అందుకునే ద్వారాలను పెంచుకుంటుంది. దాంతో ఒకప్పుడు రెండు పెగ్గులకు వచ్చిన మత్తుకు ఇప్పుడు క్వార్టరు కావాలి. చూసేవారికి మనిషి నిలకడగా కనిపిస్తాడు. ఆ నిలకడ కోసం లోపల ఎంత బలం ఖర్చవుతోందో తాగుడు ఆపిన రోజున గానీ తెలియదు. ఈ తలుపు గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరపడుతుంది.

బీరు మద్యం కిందికి రాదు కదా?

లెక్క వేద్దాం. 42.8 శాతం విస్కీ 180 మిల్లీలీటర్ల క్వార్టరులో దాదాపు 61 గ్రాముల ఇథనాల్ ఉంటుంది. 60 మిల్లీలీటర్ల పెద్ద పెగ్గులో దాదాపు 20 గ్రాములు. 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో దాదాపు 41 గ్రాములు. అంటే "ఒక్క బీరే" అన్న మాటకు అర్థం రెండు పెద్ద పెగ్గులు.

కాలేయం గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాములు మాత్రమే విరిచేయగలదు. మజ్జిగ, నిమ్మరసం, చన్నీళ్ల స్నానం దాని వేగాన్ని పెంచవు. రాత్రి పదకొండింటికి క్వార్టరు ముగించి, తెల్లవారుజామున అయిదింటికి కారు తాళం తీసుకునేవారు ఈ రెండు అంకెలు కలిపి చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం ప్రకారం పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు.

తాగుతూ సుఖపడుతున్నట్టు కూడా కనిపించరు. మరి ఎందుకు తాగుతారు?

చాలామంది భార్యలు ఈ సంగతిని డాక్టర్ల కన్నా ముందే కనిపెడతారు.

1954లో కెనడాలోని మాంట్రియల్‌లో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ అనే శాస్త్రవేత్తలు ఎలుకల మెదడులో సన్నని తీగలు అమర్చారు. ఎలుక ఒక మీట నొక్కితే కొన్ని ప్రత్యేక స్థానాలకు చిన్నపాటి విద్యుత్తు అందేది. ఎలుకలు వదలకుండా ఆ మీటనే నొక్కుతూ ఉండిపోయాయి. ఆ దారుల్లో నడిచే ముఖ్యమైన రసాయనం డోపమైన్ అని తర్వాత తేలింది. దానికి ఆనంద రసాయనం అన్న పేరు అంటుకుంది. ఆ పేరు సరైంది కాదు. వోల్ఫ్‌రామ్ షుల్జ్ కోతులపై చేసిన ప్రయోగాల్లో తేలింది ఏమిటంటే, పండ్లరసం అందుతుందని సూచించే దీపం వెలగడం కోతికి అలవాటయ్యాక, డోపమైన్ కణాలు రసం తాగినప్పుడు కాకుండా దీపం వెలిగినప్పుడే మోగుతాయి. అంటే డోపమైన్ చెప్పేది "ఇది బాగుంది" అని కాదు, "అదిగో, పద" అని.

కోరడం వేరు, ఆస్వాదించడం వేరు, మెదడులో రెండింటి దారులూ వేరని కెంట్ బెరిడ్జ్ అనే శాస్త్రవేత్త వివరించాడు. మద్యం మొదటి రోజుల్లో రెండింటినీ కదిలిస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆస్వాదన అరిగిపోతుంది, కోరిక మాత్రం పదునెక్కుతుంది. వైన్ షాపు బోర్డు, జీతం రోజు, సాయంత్రం ఏడు గంటలు, పల్లీల పొట్లం, ఒక స్నేహితుడి ఫోను, ఇవన్నీ ఆ కోతి చూసిన దీపాలే. తాగాలని నిర్ణయించుకునే లోపే కాళ్లు మలుపు తిరుగుతాయి.

ఇష్టం ఉంటే మానేయలేరా? మనసు గట్టిగా లేకే కదా?

ఇష్టాన్ని నిలబెట్టే పని మెదడు ముందుభాగానిది. తాగుడు దెబ్బకు ముందుగా బలహీనపడేది కూడా అదే. కాలు విరిగినవాణ్ని "నడవాలని నీకు లేదు" అని తిట్టినట్టుంటుంది ఈ మాట. అలాగని మనిషి చేతిలో ఏమీ లేదనడం కూడా తప్పే. ఆసుపత్రికి రావడం, డాక్టరు ఇచ్చిన మాత్రలు వేసుకోవడం, సాయంత్రం దారి మార్చుకోవడం అతను చేయగలిగినవే.

వంశం సంగతీ ఉంది. కవలల మీద, దత్తత పిల్లల మీద జరిగిన అధ్యయనాల ప్రకారం మద్య వ్యసనానికి లోనయ్యే అవకాశంలో దాదాపు సగం జన్యువులది. తండ్రి తాగుబోతైతే కొడుకు తాగుబోతు అవుతాడని కాదు, ఆ కొడుకు మొదటి గ్లాసు పక్కింటి కుర్రాడి మొదటి గ్లాసు లాంటిది కాదని.

రోజూ తాగే మనిషి దేవుడి మీద ఒట్టేసి ఒక్కసారిగా మానేస్తే మంచిదే కదా?

ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగుతున్న మనిషి వైద్య సహాయం లేకుండా ఒక్కసారిగా మానేయడం ప్రమాదకరం. దీక్షలు వేసుకునే కాలంలో ఇది మరీ గుర్తుంచుకోవాలి.

ఆ తలుపు దగ్గరికి మళ్లీ వద్దాం. బయట నెడుతున్నవాడు హఠాత్తుగా తప్పుకుంటే, లోపల నుంచి నెడుతున్నవాడు ముందుకు బోర్లా పడతాడు. మద్యం ఆగింది, మెదడు ఎదురు నెట్టడం మాత్రం ఆగలేదు. ఆఖరి గ్లాసు తర్వాత ఆరు నుంచి ఎనిమిది గంటల్లో చేతులు వణకడం, చెమట, గుండెదడ, వికారం మొదలవుతాయి. పొద్దున్నే కాస్త పడితే గానీ బ్రష్ పట్టుకోలేనివారి సంగతి ఇదే. వారు తాగేది మత్తు కోసం కాదు, వణుకు ఆగడం కోసం. రెండు రోజుల లోపు మూర్ఛ రావచ్చు, జీవితంలో ఎన్నడూ ఫిట్స్ రానివారికి కూడా. లేని మనుషులు కనిపించడం, ఎవరో పిలిచినట్టు వినిపించడం ఈ సమయంలోనే. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరిలో డెలీరియం ట్రెమెన్స్ వస్తుంది. జ్వరం, విపరీతమైన కలవరింత, ఎక్కడున్నారో తెలియకపోవడం, రక్తపోటు ఎగబాకడం. పెద్దవాళ్లు సన్నిపాతం అనేదానిలా ఉంటుంది. గాలి సోకిందని తాయెత్తు కట్టించి కూర్చుంటే ప్రాణాలు పోతాయి.

2020 మార్చిలో లాక్‌డౌన్‌తో దుకాణాలు ఒక్కరోజులో మూతపడ్డాయి. హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఆ తర్వాతి రోజుల్లో వణుకుతో, ఫిట్స్‌తో, కలవరింతతో జనం వరుసకట్టారు. కేరళ ప్రభుత్వమైతే డాక్టరు చీటీ ఉన్నవారికి మద్యం ఇవ్వాలని చూసింది, హైకోర్టు దాన్ని నిలిపివేసింది. ఆ సమయంలో చాలామంది నవ్వుకున్నారు, వాట్సాప్‌లో జోకులు తిరిగాయి. ఆసుపత్రి వరండాలో ఉన్నవారికి నవ్వు రాలేదు.

చికిత్స కష్టమైంది కాదు. డయాజిపామ్, క్లోర్‌డయాజిపాక్సైడ్, లొరాజిపామ్ వంటి మందులు గాబా మీదే పనిచేస్తాయి. డాక్టర్లు వాటిని తగినంత ఇచ్చి, కొద్ది రోజుల్లో మెల్లగా తగ్గిస్తారు. తలుపు నెడుతున్నవాణ్ని ఒక్కసారిగా లాగేయకుండా అడుగడుగునా వెనక్కి జరపడం అన్నమాట. ఈ మాత్రలను ఇంట్లో సొంతంగా వాడకూడదు, వాటికీ బానిసలవుతారు.

కల్లు సహజమైన పానీయం. అది దొరక్కపోతే మనుషులు పిచ్చెత్తినట్టు ఎందుకు ప్రవర్తిస్తారు?

చెట్టు నుంచి దించిన కల్లులో ఇథనాల్ తక్కువే. తెలంగాణలో చాలాచోట్ల దుకాణాల్లో అమ్మిన కల్లు సంగతి వేరు. అందులో క్లోరల్ హైడ్రేట్, డయాజిపామ్, అల్ప్రాజోలామ్ కలుపుతున్నట్టు పదేపదే బయటపడింది. ఇవన్నీ మద్యం లాగే గాబాను బలపరిచేవి. తాగే మనిషికి తాను రోజూ నిద్రమాత్రలు మింగుతున్నానని తెలియదు. 2015లో కల్తీ మీద దాడులు జరిగి సరఫరా ఆగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఫిట్స్, మెడలు వంకరపోవడం, వింత ప్రవర్తనతో ఆడా మగా ఆసుపత్రుల్లో చేరారు. కల్తీని ఆపడం సరైనదే. ఆపే రోజున ఆసుపత్రులను సిద్ధం చేయకపోవడమే తప్పు.

అన్నం మానేసి తాగుతున్నాడు. సెలైన్ ఎక్కిస్తే సరిపోతుందా?

ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజు సీసా ఎక్కించుకుని "మత్తు దిగింది" అనుకోవడం మామూలే. సీసాతో మత్తు దిగదు, గంటలు గడిచి దిగుతుంది. అసలు చిక్కు వేరే ఉంది. ఎక్కువగా తాగేవారిలో థయామిన్ అనే బి1 విటమిన్ అడుగంటుతుంది. తిండి తక్కువ, తిన్నదాన్నీ పేగులు సరిగా పీల్చుకోవు. గ్లూకోజును వాడుకోవడానికి మెదడుకు థయామిన్ కావాలి. ఉన్న ఆ కాస్త థయామిన్‌నూ ఎక్కించిన గ్లూకోజు ఖర్చు చేసేస్తే, మెదడును దెబ్బతీసే వెర్నికే వ్యాధి ముంచుకు రావచ్చు. చూపు అటూ ఇటూ కొట్టుకోవడం, నడక తడబడటం, అయోమయం దాని గుర్తులు. తాగి ఉన్నాడులే అని వదిలేయడానికి సరిగ్గా సరిపోయే గుర్తులు కావడమే దౌర్భాగ్యం. వెంటనే థయామిన్ ఇంజెక్షన్ ఇస్తే చాలావరకు తిప్పుకోవచ్చు. ఆలస్యమైతే అది కోర్సకోవ్ స్థితికి దిగుతుంది. కొత్త విషయం ఏదీ నిలవదు, ఖాళీలను మెదడు కథలతో నింపేస్తుంది. పొద్దున ఇడ్లీ తిన్నానని పూర్తి నమ్మకంతో చెప్తాడు. అబద్ధం కాదు, ఆ ఇడ్లీ అతనికి నిజంగానే గుర్తుంది.

నిద్ర పట్టడానికి ఒక పెగ్గు తీసుకోవచ్చా?

త్వరగా నిద్ర పడుతుంది, తెల్లవారుజామున మూడింటికి మెలకువ వస్తుంది. మద్యం కలల నిద్రను అణచి, రాత్రి రెండో సగాన్ని ముక్కలు చేస్తుంది. మర్నాటి అలసటకు మళ్లీ పెగ్గే మందని తోస్తుంది.

కొద్దిగా తాగితే గుండెకు మంచిదంటారు కదా?

ఆ మాట బలం తగ్గిపోయింది. సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది. బ్రిటన్‌లో 36 వేల మందికి పైగా పెద్దవారి మెదడు స్కాన్లు పరిశీలించి 2022లో ప్రచురించిన అధ్యయనంలో, రోజుకు ఒకటి రెండు యూనిట్ల (బ్రిటన్ లెక్కలో ఒక యూనిట్ అంటే 8 గ్రాముల ఇథనాల్) స్థాయిలో కూడా మెదడు పరిమాణం కాస్త తక్కువగా ఉండటం, మోతాదు పెరిగేకొద్దీ ఆ తేడా పెరగడం కనిపించింది.

మా అబ్బాయి కాలేజీలో ఉన్నాడు. సరదాగా తాగితే ఏమవుతుంది?

మెదడు ముందుభాగం పూర్తిగా తయారయ్యేసరికి దాదాపు 25 ఏళ్లు వస్తాయి. కోరికను రగిలించే భాగాలు మాత్రం అంతకన్నా ముందే సిద్ధం. ఎంత చిన్న వయసులో మొదలుపెడితే తర్వాత వ్యసనంగా మారే అవకాశం అంత ఎక్కువ. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చట్టం పెట్టిన వయసు 21. పెళ్లిళ్లలో మామయ్యలే గ్లాసు చేతికిచ్చి "మగాడివి కదరా" అంటున్నప్పుడు చట్టం ఎక్కడుందో మీకే తెలుసు.

నాకు నిజంగా అంత ముదిరిందా?

రెండు పెగ్గులనుకుని కూర్చుని సీసా ముగించారా? తగ్గించాలని ప్రయత్నించి ఓడిపోయారా? తాగడానికి, దిగడానికి పోయే సమయం పెరిగిందా? పని, పిల్లలు వెనక్కి పోయారా? గొడవలు, జబ్బులు తెలిసి కూడా ఆపలేదా? మునుపటికన్నా ఎక్కువ కావాల్సి వస్తోందా? ఆపితే వణుకుతున్నారా? డాక్టర్ల జాబితాలో ఇలాంటివి 11 ఉన్నాయి. ఏడాది కాలంలో రెండు నిజమైతే సమస్య మొదలైనట్టు, ఆరు గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితే తీవ్రమైనట్టు లెక్క. పొద్దున్నే తాగే అలవాటు ఒక్కటున్నా మిగతా లెక్క కోసం ఆగకుండా డాక్టరును కలవండి.

ఆయనకు తెలియకుండా అన్నంలో మాన్పించే మందు కలపవచ్చా?

వద్దు. పత్రికల్లో, గోడల మీద "తెలియకుండా మాన్పిస్తాం" అన్న ప్రకటనలు మనకు కొత్త కాదు. ఆ పొడుల్లో ఏముందో చెప్పేవారుండరు. డైసల్ఫిరామ్ అనే అసలు మందైతే, మద్యం విరిగేటప్పుడు పుట్టే ఎసిటాల్డిహైడ్‌ను వదిలించుకోనివ్వకుండా శరీరాన్ని అడ్డుకుంటుంది. దాని మీద తాగితే ముఖం ఎర్రబడుతుంది, తల పగిలిపోతుంది, వాంతులవుతాయి, గుండె దడదడలాడుతుంది, రక్తపోటు పడిపోయి ప్రాణం కూడా పోవచ్చు. ఈ మందు పనిచేసేదే భయం వల్ల. తాను వేసుకున్నానని తెలియని మనిషికి భయం ఎక్కడి నుంచి వస్తుంది? విషయం బయటపడ్డాక మీ చేతి అన్నం కూడా ముట్టడు.

మరి పనికొచ్చే మందులు ఉన్నాయా?

ఉన్నాయి, వీటి గురించి తెలిసినవారే తక్కువ. తాగినప్పుడు మెదడు ఎండార్ఫిన్లను విడుదల చేస్తుంది, అవి మెదడు సొంతంగా తయారుచేసుకునే నల్లమందు లాంటివి. నాల్‌ట్రెక్సోన్ వాటి ద్వారాలను మూసేస్తుంది. తాగినా మునుపటి తృప్తి రాదు, కోరిక మెల్లగా నీరసపడుతుంది. అమెరికాలో మద్య వ్యసనానికి దీన్ని 1994లో ఆమోదించారు. అకాంప్రొసేట్ మానేసినవారిలో మిగిలిన ఆందోళనను తగ్గిస్తుంది. కాలేయం, కిడ్నీల పరిస్థితి చూసి డాక్టరు ఎంచుకోవాలి. మందులతో పాటు కౌన్సెలింగ్, తాగుడు మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుగా నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్ వంటి బృందాలు కూడా చాలామందిని నిలబెట్టాయి. గొలుసులతో కట్టి, కొట్టి మాన్పించే "కేంద్రాల" జోలికి వెళ్లవద్దు. డాక్టరు లేని చోట డెలీరియం వస్తే ఆదుకునేవారుండరు.

మూడు నెలలు మానేసి మళ్లీ మొదలుపెట్టాడు. చికిత్స దండగేనా?

కాదు. మూడు నెలల్లో మెదడు కొంత కోలుకుంటుంది. కుంచించుకుపోయిన పరిమాణం కొంత తిరిగి వస్తుంది, నిద్ర, ఆలోచన మెరుగవుతాయి. కానీ ఆ దీపాల జ్ఞాపకం అంత త్వరగా చెరగదు. మధుమేహం మళ్లీ పెరిగితే ఇన్సులిన్ దండగని ఎవరూ అనరు. ఎక్కడ జారాడో, ఏ సాయంత్రం, ఎవరితో, అది తెలుసుకుని మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లడమే.

ప్రభుత్వం అమ్మడం ఆపేస్తే అన్నీ సర్దుకుంటాయి కదా?

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు సారా దుకాణాన్ని మూయించారు. ఆ మంట రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. దీపాలు తగ్గితే కొత్తగా పడేవారు తగ్గుతారు, అంతవరకు ఆ ఆడవాళ్లు చెప్పింది అక్షరాలా నిజం. ఇప్పటికే తలుపు నెడుతున్న మెదడుకు మాత్రం దుకాణం మూతతో పాటు ఆసుపత్రి మంచం కూడా కావాలి. ఇక మద్యం అమ్మకాలతో ఖజానా నింపుకునే ప్రభుత్వాలు ఆ మంచాలకు ఎంత ఖర్చు చేస్తున్నాయన్నది ఓటడగడానికి వచ్చినప్పుడు అడగాల్సిన ప్రశ్న.

ఆయన ఆసుపత్రికి రానంటున్నారు. నేనేం చేయాలి?

మీరొక్కరే వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను టెలీమానస్ 14416కు, వ్యసన విముక్తి కోసం 14446కు ఫోను చేసి కుటుంబ సభ్యులు కూడా మాట్లాడవచ్చు. ఆయనతో రాత్రి మాట్లాడవద్దు, ఆ మాటలు రికార్డు కావు. పొద్దున, వణుకు మొదలవకముందు, పిల్లలు లేనప్పుడు, పాత లెక్కలు తీయకుండా ఒక్క విషయమే అడగండి: ఒకసారి డాక్టరును చూద్దామా అని. చేయి చేసుకునే మనిషైతే మీ భద్రత ముందు, ఆయన చికిత్స తర్వాత. 181 మహిళా హెల్ప్‌లైను.

వస్తానన్న రోజున ఒక చీటీ రాసి వెంట తీసుకెళ్లండి. రోజుకు ఎంత తాగుతారు, ఏమిటి తాగుతారు, ఆఖరిగా తాగింది ఎన్ని గంటలకు, ఇదివరకు ఎప్పుడైనా మానేస్తే ఫిట్స్ వచ్చాయా, వేసుకుంటున్న మాత్రలేమిటి. అందులో ఆఖరి గ్లాసు సమయం మాత్రం తప్పకుండా ఉండాలి. డాక్టరు గంటలు లెక్కపెట్టేది అక్కడి నుంచే.